అదురుగడువు

ఆరు మీటల పలక మీద చివరి డయోడుకి టంకం పెట్టి, పొగ ఊదేసి, సువార్త దాన్ని బోర్లా తిప్పింది. అరచేతిలో ఇమిడిపోయే పలక, నోరు పోయినవాళ్ళు దీని మీటలు నొక్కే మాట్లాడతారు. దీని యజమాని తాళ్ళరేవులో ఉంటాడు. కుడిచేతి మూడు వేళ్ళు తప్ప అతనికి ఇంకేమీ కదలవు. ఆ వేళ్ళు ఎంత దూరం చాచగలవో, ఏ వేలు ఎంత బరువు నొక్కగలదో ముందే వెళ్ళి కొలుచుకొచ్చింది. చూపుడువేలికి మెత్తటి స్ప్రింగు, ఉంగరపువేలికి ఇంకా మెత్తటిది. మధ్యవేలు మొండిది, దానికి మామూలు స్ప్రింగే చాలు.

తెర మీద మీటల పటం తెరిచి, ఏ మీట ఏ తీగకు వెళ్తోందో ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకుంది. ఎంత చేయి తిరిగిన వాళ్ళయినా అడ్డవరసనీ నిలువువరసనీ తారుమారు చేస్తూనే ఉంటారు. అలా తారుమారైన పలకతో ఒకాయన మండువేసవిలో మంచినీళ్ళు అడగబోయి దుప్పటి అడిగాడు. పాపం, అడిగిన ప్రతిసారీ ఇంకో దుప్పటి కప్పారు. ఆ కథ పలకలు కట్టే ఈ శాలలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. నవ్వడం అయ్యాక ఎవరి పటం వాళ్ళు మళ్ళీ ఒకసారి చూసుకుంటారు.

పలకను నడిపే ఫైలు సర్కారు ముద్ర వేయించుకుని పొద్దున్నే ముద్రాలయం నుంచి వచ్చింది. పంపి వారం దాటింది. వారం లోపు అక్కణ్ణుంచి ఏ ఫైలూ రాదు, మంత్రిగారి మేనత్త పలకైనా సరే. ముద్ర పడ్డాక అందులో ఒక్క అంకె మార్చినా అది చెల్లదు. కొత్త ముద్ర పడితే పాతది చెల్లదు. ముద్ర లేని పలక ఎన్నిసార్లు నొక్కినా, మాటలు అందుకునే గ్రాహకం ఊళ్ళో ఏదీ వినిపించుకోదు.

పలక వెనక ఉన్న రెండు రాగి చుక్కల్ని పట్టకారు మొనతో కలిపి వదిలింది. పలక అప్పటిదాకా తనేమిటో మరిచిపోయి కంప్యూటర్లో ఖాళీ డబ్బాలా తెరుచుకుంది. ఫైలు అందులో వేసింది. డబ్బా దానంతటదే మూసుకుని, అంచున ఆకుపచ్చ దీపం వెలిగింది. ఫర్మ్‌వేర్ ఎక్కించడమంటే ఇంతే. చూసేవాళ్ళకు ఇందులో వింతేమీ కనపడదు గానీ, పన్నెండేళ్ళుగా చేస్తున్నా ఆ దీపం వెలిగేదాకా సువార్త ఊపిరి బిగబట్టే ఉంటుంది.

తర్వాత శాల ఆనవాయితీ ప్రకారం ప్రతి మీటనీ తన వేలితో ఒకసారీ, ఆపైన రెండుసార్లూ నొక్కి చూసింది. అన్నీ పలికాయి. హామీలు నమోదు చేసుకునే అద్దం మీద బొటనవేలు ఆనించి, రోజూ చెప్పే ముక్క చెప్పింది.

"ఈ పలక ఈ మనిషి మాటనే పలుకుతుంది. హామీ నాది. కొల్లాబత్తుల సువార్త."

అద్దం ఆ మాటను తీసుకుంది.

"ఈయనకి కూడా గడువు పెంచావా?" అంటూ పట్టాభి గారు టీ గ్లాసుతో వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు. ఈ శాలకు పెద్దాయన ఆయనే. సువార్తకు పని నేర్పిందీ ఆయనే.

"పెంచాను సార్. చెయ్యి బాగా వణుకుతోంది."

"సువార్త గడువు! కాకినాడ నుంచి తుని దాకా నీ పేరే వణుకుతోందమ్మా."

సువార్త నవ్వింది. ఆ పేరు పెట్టి అందరూ ఆటపట్టిస్తారు గానీ, లోపల్లోపల ఆమెకు అది గొప్పగానే ఉండేది. ఏ మీటనైనా ఒక్కసారి నొక్కితే లోపలి రేకులు నాలుగైదుసార్లు అదురుతాయి. అందుకని ఒక నొక్కు పడ్డాక కాసేపు వచ్చేవాటిని పలక అదురుగా లెక్కేసి పారేస్తుంది. ఆ కాసేపే అదురుగడువు. మామూలు వేళ్ళకు అది కంటిరెప్ప కొట్టినంత సేపు కూడా ఉండదు. వణికే వేళ్ళకు అది చాలదు, ఒకసారి నొక్కబోతే పదిసార్లు పడుతుంది. మూడు నెలల కిందట సువార్త ఒకరి పలకలో ఆ గడువును బాగా పెంచి చూసింది. గోల ఆగిపోయింది. పట్టాభి గారు మెచ్చుకుని, సువార్త హామీ మీదే ఆ ఫర్మ్‌వేర్‌ని మూసగా చేయించి, వణికే చేతులన్నిటికీ దాన్నే వాడమన్నారు. ఇప్పుడు అలాంటి పలకలు నాలుగు వందల దాకా ఉన్నాయి.

"ఇవాళ లోవరాజు మూడో మాట. మధ్యాహ్నం విచారణ," అన్నారు పట్టాభి గారు. "ముందు పలక తనిఖీ చెయ్యాలి కదా. నువ్వే కట్టావు, నువ్వే వెళ్ళు."

గడువు మొట్టమొదట పెంచింది ఆ లోవరాజు పలకలోనే.

*

జగన్నాథపురం వంతెన దాటాక, ఒకప్పటి ఐసు ఫ్యాక్టరీ ఉన్న చోట ఇప్పుడు శయ్యాభవనం ఉంది. కింది అంతస్తుల్లో శీతశయ్యలు, పైన ఇంకా మెలకువగా ఉన్నవాళ్ళు. మందు లేని జబ్బు వచ్చినవాళ్ళు మందు పుట్టేదాకా కింద నిద్రపోవచ్చు. ఇప్పటికైతే మందూ రాలేదు, నిద్రపోయినవాళ్ళను లేపే దారీ తెలియలేదు. మొదట్లో చుట్టాలే 'ఆయన సరే అన్నాడండీ' అని వేలిముద్రలు వేసేసి మనుషుల్ని కిందికి పంపేవాళ్ళు. ఆ ఘోరం చూడలేకే చట్టం తెచ్చారు. ఇప్పుడు ఎవరి మాట వాళ్ళే చెప్పాలి, వేరువేరు రోజుల్లో మూడుసార్లు చెప్పాలి, ముద్ర ఉన్న పలక మీదే చెప్పాలి. మంచి చట్టమే. సువార్త ఈ వృత్తిలోకి వచ్చింది కూడా ఆ చట్టం మీద నమ్మకంతోనే.

లోవరాజు చేపలరేవులో బోటు ఇంజన్లు బాగుచేసేవాడు. నరాల జబ్బు ముందు కాళ్ళు పట్టుకుని, తర్వాత నోరు, చివరికి కనురెప్పలు కూడా పట్టేసింది. వినపడుతుంది, అన్నీ అర్థమవుతాయి. గొంతులో చెంచాతో జావ పోస్తే మింగుతాడు. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ మిగిలి ఉన్నప్పుడు రెండు మీటల పలక మీద అక్షరాలు కూర్చుకుని బోలెడు కబుర్లు చెప్పేవాడు. మూడు నెలల కిందట జ్వరం వచ్చి బొటనవేలు పోయింది, చూపుడువేలికి వణుకు పట్టుకుంది. అప్పట్నుంచీ ఒక్కటే మీట. ఒకసారి నొక్కితే సరే, వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే వద్దు. అక్షరాలు కూడా ఆ ఒంటి, జంట నొక్కులతోనే నేర్పబోయారు గానీ తెర మీద ఒట్టి పిచ్చిరాతలు పడ్డాయి. జ్వరంలో అక్షరాలు మరిచిపోయాడని తేల్చేశారు.

ఆయనకు కొత్త చొక్కా తొడిగి, తల దువ్వి, భార్య సత్యవేణి మంచం పక్కన కూర్చుని ఉంది. సువార్తను చూసి లేవలేదు.

"రండి సువార్తమ్మగారండి. ఆయన్ని సాగనంపడానికి వచ్చేరా?"

"పలక ఒకసారి చూసి వెళ్ళిపోతాను వదినగారూ."

"చూడండి, చూడండి. బాగానే పనిచేత్తందండి అది. ఏదడిగినా సరే అంటాడు." సత్యవేణి చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "మొదటిసారి కిందకెళ్తావా అని అడిగినప్పుడు పొరపాటున నొక్కేడనుకున్నానండి. రెండోసారీ సరే అన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారతా ఉంటే, మనసు తేలికపడింది అన్నారండి డాక్టరుగారు. నాకాడ అంత విసుగొచ్చేసిందా అండి ఈ మనిషికి?"

ఇలాంటి చోట్ల ఏం చెప్పాలో శాలలో ఎవరూ నేర్పలేదు. సువార్త పలక మీదికి వంగి, మీట తొడుగు ఊడదీసింది. సముద్రపు గాలికి స్విచ్చు అడుగున ఉప్పు పేరుకుని ఉంది. స్విచ్చు లాగేసి కొత్తది గుచ్చింది. స్ప్రింగు వేలికి తగినట్టుందో లేదో చూడటానికి ఒక పద్ధతి ఉంది. రోగి వేలి మీద పలక కట్టిన నిర్మాత తన వేలు ఆనించి, బరువు పెట్టకుండా ఉంచుతారు. లోవరాజు వేలి కదలిక కంటికి ఆనదు. పన్నెండేళ్ళు స్ప్రింగులు తూచిన వేలికైతే తెలుస్తుంది.

"అన్నయ్యగారూ, ఒకసారి నొక్కండి."

వేలు కిందికి దిగింది. తెర మీద 'సరే' పడింది.

"బాగుంది. ఇప్పుడు రెండుసార్లు."

వేలు దిగింది, లేచింది, ఆ ఊపులోనే మళ్ళీ దిగింది. సువార్త వేలికి రెండూ స్పష్టంగా తగిలాయి. తెర మీద 'సరే' పడింది.

స్విచ్చు సరిగా కూర్చోలేదేమో అనుకుంది. మళ్ళీ గుచ్చి చూసింది. పాత స్విచ్చు పెట్టి చూసింది. "ఇంకొక్కసారి, రెండుసార్లు నొక్కండి అన్నయ్యగారూ." వేలికి రెండు, తెర మీద ఒకటి.

అప్పుడు అర్థమైంది. ఆమె వేలు అతని వేలి మీదే ఉండిపోయింది.

ఆ వేలికి రెండు నొక్కుల మధ్య ఆగే శక్తి లేదు. మొదటి నొక్కు ఊపులోనే రెండోది పడాలి, లేకపోతే ఆ వేలు మళ్ళీ లేవడానికి చాలాసేపు పడుతుంది. అప్పుడు నొక్కినా అది ఇంకో 'సరే' అవుతుంది. సువార్త పెంచిన గడువు అతని రెండో నొక్కునల్లా అదురనుకుని పారేస్తోంది. వణుకుని పారేయడానికి పెట్టిన జల్లెడలో అతని 'వద్దు' మొత్తం కొట్టుకుపోయింది. పలక ఇచ్చిన రోజు ఆమె రెండు నొక్కులూ పరీక్షించింది. తన వేలితో పరీక్షించింది. రోగిని ఊరికే శ్రమపెట్టకూడదని శాలలో అందరూ అలాగే చేస్తారు. ఆమె వేలు ఆరోగ్యంగా, తీరిగ్గా, మధ్యలో ఆగి మరీ నొక్కింది.

"ఏటండి, అలా అయిపోయేరు?" అంది సత్యవేణి.

"వదినగారూ, ఈ మూడు నెలల్లో ఈయన ఎప్పుడైనా వద్దన్నారా?"

"అనలేదండి. పెళ్ళయిన కాణ్ణించీ నా మాటకి వద్దన్న మనిషి కాదుగా. అందుకే నాకేం అనిపించలేదు."

*

పట్టాభి గారు ఫోనులో అంతా విన్నారు.

"గడువు తగ్గించి కొత్తది పంపితే ముద్ర వారానికి గానీ రాదు," అన్నారు.

"జ్వరం రాకముందటి ఫర్మ్‌వేర్ ఉంది కదా సార్. దానికి ముద్ర ఉంది."

"కొత్తది పడ్డాక పాత ముద్ర చచ్చిపోయినట్టే. నీకు తెలియంది కాదు."

"విచారణ వాయిదా వేయించండి."

"వాయిదా అడిగే హక్కు శయ్యకి వెళ్ళేవాళ్ళకే ఉంది. అతనే అడగాలి, పలక మీద."

సువార్తకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అతను ఆ పలక మీద ఏం అడిగినా 'సరే' అనే పడుతుంది.

ఫోను పెట్టేసి, సంచిలోంచి కంప్యూటరు తీసింది. లోవరాజు ఫర్మ్‌వేర్ తెరిచి గడువు ఉన్న చోటికి వెళ్ళింది. అంతా కలిపి ఒక్క అంకె. దాన్ని చెరిపి, వణుకు కంటే పెద్దదీ, తన వేలు ఇందాక పట్టుకున్న రెండు నొక్కుల సందు కంటే చిన్నదీ వేసింది. రాసింది పలకకు అర్థమయ్యే భాషలోకి మార్చే కంపైలు నడిపింది. ఒక్కో వరస కిందికి జారుతూ పోయి, చివర తప్పులేమీ లేవని వచ్చింది. తప్పులేమీ లేవట! ఆ యంత్రం మూడు నెలల కిందటా ఇదే ముక్క చెప్పింది.

రాగి చుక్కలు కలిపింది. డబ్బా తెరుచుకుంది. ముద్ర లేని ఫైలు వేసింది. దీపం ఆకుపచ్చగా కాకుండా ఎర్రగా వెలిగింది. భవనంలో ఏ గ్రాహకమూ ఇప్పుడీ పలకను దగ్గరికి రానివ్వదు. సువార్త దగ్గర శాలలో వాడే చేతితెర ఉంది. దానికి ముద్రలతో పని లేదు, దాని మాటకు విలువా లేదు. పలకను దానికి తగిలించింది.

"అన్నయ్యగారూ, నీళ్ళు కావాలా?"

తెర మీద 'వద్దు' పడింది.

సత్యవేణి లేచి నిలబడింది. "అదేటండి?"

"మీరే అడగండి వదినగారూ. ఏదైనా అడగండి."

సత్యవేణి ఇబ్బందిగా అటూ ఇటూ చూసింది. "ఏవయ్యా, రాగిజావ తాగుతావా?"

వద్దు.

"మరి రోజూ తాగేవు కదా!" అంది, గొంతు పైకి లేచింది. "రోజూ అడిగే పోత్తన్నానండి సువార్తమ్మగారూ. జన్మలో ఇష్టం లేదండి ఈయనకి జావంటే. జబ్బు చేసి మారేడనుకున్నా. మూణ్ణెల్లు, పొద్దుటా సాయంత్రం..." మంచం మీదికి వంగి, మెల్లగా అడిగింది. "కిందకెళ్ళి పడుకుంటావా?"

వద్దు.

"నా కాడే ఉంటావా?"

సరే.

సత్యవేణి ఆ చేతిని పట్టుకుని మొహానికి ఆనించుకుని, పిల్లలు ఏడ్చినట్టు ఏడ్చింది. లోవరాజు కళ్ళ చివరల్లోంచి కూడా నీళ్ళు కారాయి. మనసు తేలికపడిన నీళ్ళని ఏ డాక్టరూ అనలేడు ఇప్పుడు. సువార్త గోడవైపు తిరిగి నిలబడింది. ఆ మూడు నెలలూ ఇంత మనిషి లోపల కూర్చుని వద్దు, వద్దు, వద్దు అని మొత్తుకుంటుంటే, ఆమె పెట్టిన మీట సరే, సరే, సరే అంటూ పోయింది.

*

విచారణాధికారి సోమయాజులు గారు చెప్పిన వేళకే వచ్చారు. వయసు మళ్ళిన మనిషి, మెత్తగా మాట్లాడతారు. ఇన్నేళ్ళలో ఆయన ఎవర్నీ తొందరపెట్టి సరే అనిపించలేదని భవనంలో అందరూ చెబుతారు. మంచం పక్కన గ్రాహకం పెట్టించి, పలకను తగిలించారు. గ్రాహకం మీద రెండే ముక్కలు వచ్చాయి. 'ముద్ర లేదు.'

సువార్త జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన చేతితెర మీద లోవరాజును స్వయంగా అడిగారు. వద్దు అని వచ్చింది. ఇంకోలా అడిగారు, మాట మార్చి అడిగారు. వచ్చిన జవాబులన్నీ ఒక్కమాటే చెప్పాయి.

"నమ్ముతున్నానమ్మా," అన్నారు ఆయన కళ్ళజోడు తీసి. "నా కళ్ళతో చూశాను, నమ్మకపోవడానికేముంది? కానీ నేను నమ్మానని రాయడానికి ఇందులో చోటు లేదు. మనుషుల నమ్మకాలతో ఒకప్పుడు ఎన్ని అన్యాయాలు జరిగాయో నీకూ తెలుసు."

"అయితే ఇప్పుడేమవుతుందండి?" అంది సత్యవేణి.

"మూడో మాట రాకపోతే, మొదటి రెండు మాటలే మూడోది కూడా అనుకోవాలని నియమం. స్పృహ తప్పినవాళ్ళ కోసం పెట్టారు దాన్ని. సాయంత్రం కింద నుంచి మనుషులు వస్తారు."

"ఆయన వద్దంటున్నాడు కదండి! మీరూ చూసేరు కదండి!"

"చూశానమ్మా."

"చూసి మరి?"

సోమయాజులు గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన చెడ్డవాడైనా బాగుండేది, తిట్టడానికి ఒక మనిషి ఉండేవాడు. సత్యవేణి ఆయన్ని వదిలి సువార్త రెండు చేతులూ పట్టుకుంది. "మీరు కట్టిందే కదండి ఇది. మీరేదో ఒకటి చెయ్యండి."

చేయగలిగింది ఒకటి ఉంది. సువార్తకు ఇందాకట్నుంచీ అది తెలుసు, తెలిసి కూడా దాని వైపు చూడటం లేదు. నిర్మాత తన హామీని వెనక్కి తీసుకోవచ్చు. హామీ లేని పలక చెప్పిన పాత మాటలు కూడా చెల్లవు. ఈ పని ఇంతవరకు ఎవరూ చేయలేదు. వరండాలోకి వెళ్ళి పట్టాభి గారికి మళ్ళీ ఫోను చేసింది.

"వద్దమ్మా," అన్నారాయన వెంటనే. "నువ్వు పలక పలకకీ చెప్పినా, అద్దం ఆ హామీని మూసకే కడుతుంది. నువ్వు వెనక్కి తీసుకుంటే ఆ మూసతో ఉన్నవన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. నాలుగు వందల మంది నోరు నొక్కేస్తావా? రాత్రి ఊపిరాడకపోతే పిలవడానికి కూడా ఉండదు వాళ్ళకి."

"వాళ్ళ 'వద్దు' కూడా పోతోందేమో సార్."

"అందరికీ పోదు. కొందరు ఆగి నొక్కగలరు. ఎవరికి పోతోందో ఇంటింటికీ తిరిగి నీ వేలు పెట్టి చూద్దాం. నేనూ వస్తాను. మెల్లగా, ఎవరికీ తెలియకుండా సరిచేద్దాం."

"సాయంత్రానికి అవుతుందా సార్?"

ఆయన గొంతు తగ్గించి అన్నారు. "ఇంకో సంగతి. ఈ మూడు నెలల్లో నీ గడువు ఉన్న పలకల మీద మూడు మాటలూ చెప్పి కిందికి వెళ్ళిపోయిన వాళ్ళు ఉన్నారు. హామీ పోయిందని వాళ్ళ ఇళ్ళకి కూడా కబురు వెళ్తుంది. వాళ్ళని లేపలేం సువార్తా. తెలుసుకుని ఏం చేస్తారు వాళ్ళు?"

ఆ సంగతి అప్పటిదాకా ఆమెకు తట్టలేదు. కాళ్ళ కింద నేల వైపు చూసింది. గచ్చు చల్లగా ఉంది. ఈ భవనంలో గచ్చు ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, ఎందుకంటే దాని కిందే వాళ్ళంతా పడుకుని ఉన్నారు. వాళ్ళలో ఎంతమంది పలకలకు తన వేలితో పరీక్ష చేసిందో, ఎంతమందికి దీపం వెలగ్గానే సంతోషపడిందో గుర్తు చేసుకోబోయి, చేసుకోలేకపోయింది.

పట్టాభి గారి మాట తప్పని ఆమె అనుకోలేదు. ఏది చేసినా ఎవరో ఒకరి గొంతు పట్టుకున్నట్టే. ఇంకాస్త ఆలోచిస్తే ఏ పనీ చేయలేనని మాత్రం తెలిసింది. గదిలోకి వచ్చి, సోమయాజులు గారి గ్రాహకం పక్కన ఉన్న అద్దం మీద బొటనవేలు ఆనించింది.

"ఈ పలక ఈ మనిషి మాట పలకలేదు," అంది. "నా హామీ వెనక్కి తీసుకుంటున్నాను. కొల్లాబత్తుల సువార్త."

అద్దం ఎన్ని పలకలు మూగబోతాయో చూపించి, నిజమేనా అని అడిగింది. సువార్త వేలు తీయలేదు.

గ్రాహకం మీద వరసలు మారాయి. మొదటి మాట చెల్లదు. రెండో మాట చెల్లదు. విచారణ రద్దు. సోమయాజులు గారు అది రెండుసార్లు చదువుకుని, లోవరాజు దుప్పటి సరిచేసి, "ఇంటికి తీసుకెళ్ళమ్మా," అన్నారు సత్యవేణితో. ఆమె దణ్ణం పెట్టింది. ఎవరికి పెట్టాలో తెలియక గ్రాహకానికి కూడా పెట్టింది.

ఇంతలోనే వరండాలో కాళ్ళ చప్పుడు మొదలైంది. పై వార్డు నర్సు ఒక పలక పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, వెనక ఇంకొకామె. "మేడం, పన్నెండో మంచం పలక ఆగిపోయింది." "మేడం, మాదీ అంతే." వాళ్ళ వెనక చుట్టాలు, ఒకరి మాట ఒకరికి వినపడకుండా అందరూ ఒకేసారి అడుగుతున్నారు. సువార్త ఒక్కొక్కరికీ అదే చెప్పింది. గంటగంటకీ మంచం దగ్గరికి వెళ్ళండి, వేలి మీద వేలు ఆనించి అడగండి, ఒకటైతే సరే, రెండైతే వద్దు. తెలియకపోతే మళ్ళీ అడగండి. నేర్చుకోవడానికి తనకెన్నేళ్ళు పట్టిందో వాళ్ళకు చెప్పలేదు. ముందు వచ్చిన నర్సు మాత్రం అక్కడికక్కడే తన రెండు వేళ్ళను ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకుంది.

ఫోను మోగింది. పట్టాభి గారనుకుని ఎత్తింది. తెలియని గొంతు, పెద్దాయనది.

"సువార్తమ్మగారేనా అండి? మాది పిఠాపురవండి. ఇప్పుడే ఏదో కబురొచ్చిందండి, మా ఆవిడ పలకకి మీరు హామీ తీసేసేరని."

"ఆవిడ పేరేంటండీ?"

"మంగతాయారండి. ఇప్పుడు లేదండి ఇంట్లో. పోయిన నెల్లోనే కిందకి పంపించేవండి, మీ కాకినాడలోనే." ఆయన గొంతు సవరించుకున్నాడు. "మూడుసార్లూ సరే అందండి. నేను పక్కనే ఉన్నాను. నాకిష్టం లేకపోయినా, ఆవిడ మాట కదా అని ఒప్పుకున్నానండి."

సువార్త గోడకు చేరగిలబడింది. చుట్టూ ఉన్నవాళ్ళ గోల వినపడటం మానేసింది.

"నిజంగానే సరే అందా అండి?" అన్నాడాయన.

అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చింది. మంచి అబద్ధం, ఆ పెద్దాయన్ని ఈ రాత్రి నిద్రపోనిచ్చే అబద్ధం. అందుకు కావలసిన మాట కూడా ఒక్కటే.

"తెలీదండి," అంది సువార్త.

ఆయన ఫోను పెట్టేయలేదు. ఆమె కూడా పెట్టేయలేదు.

"మరిప్పుడు ఎవర్ని అడగాలండి?" అన్నాడాయన.